ఏడు కమాన్ల ఇల్లు

ఫిబ్రవరి 5, 1979, సోమవారం

ఏడు కమాన్ల ఇంటి ముందు రేకులు కొట్టేశారు. పొద్దున బడికి పోయేటప్పుడు సగం ఉన్నాయి, సాయంత్రం వచ్చేసరికి పూర్తయింది. రోడ్డు మీద నిలబడితే ఇంటి పిట్టగోడ కూడా కనిపించదు.

రేకుల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక బోర్డు. 'నవరత్న షాపింగ్ కాంప్లెక్స్, కొత్తవాడకు కొత్త కళ'. నాలుగంతస్తులు, అద్దాల కిటికీలు, ముందు తెల్ల అంబాసిడర్ కారు, కారు పక్కన కొంగు గాలికి ఎగరేసుకుంటూ ఒక ఆడమనిషి. కొత్తవాడలో కొంగు అంతగా ఎగిరే గాలి ఎప్పుడు వీచిందో నాకు తెలియదు.

బిల్డింగు బొమ్మ నాదే. నేను డ్రాయింగు షీటు మీద వేసిందాన్ని బోర్డు పెయింటరు పెద్దది చేసి, కారునూ ఆమెనూ సొంతంగా కలిపాడు. వెధవ, నాలుగో అంతస్తును మూడోదాని కంటే వెడల్పు చేశాడు. నా డ్రాయింగు క్లాసులో అయితే గోడకుర్చీ వేయించేవాణ్ణి.

రేకుల వెనక మగ్గాల చప్పుడు మామూలుగానే ఉంది. పన్నెండు మగ్గాలు, పన్నెండు పంజాలు ఇనప పళ్లతో పోగును దట్టిస్తున్నాయి. అందులో ఎడమ నుంచి మూడోది మా చిన్నమ్మ చిలుకమ్మది. అమ్మ పోయాక నేను ఆ మగ్గం పక్కనే పెరిగాను, అక్కడ నేసిన జంపఖానాల మీదే పడుకున్నాను. ఇప్పుడు వాళ్లంతా వెనక సందులోంచి వంగి లోపలికి పోతున్నారట.

ఫిబ్రవరి 6

నేను గీసింది కొత్త బిల్డింగు. పాత ఇల్లు కూలగొట్టమని నేను ఎక్కడా గీయలేదు.

ఫిబ్రవరి 8, గురువారం

చిన్నమ్మా, మగ్గాల వాళ్లలో అందరికంటే పెద్దవాడు సారయ్యా ఇంటికి వచ్చారు. చేతిలో నోటీసు. చదివి పెట్టమన్నారు.

చదివాను. 'సమర్పించిన ప్లాను ప్రకారం సదరు స్థలం కూలిన గోడలు గల ఖాళీ జాగా. అందులో ఎవరి నివాసము గాని, ఏ విధమైన పని గాని లేదు. ఆక్షేపణలున్నవారు మార్చి 7వ తేదీ విచారణకు హాజరు కావలెను.'

"ఖాళీ అంటే?" అంది చిన్నమ్మ. "మేమేమన్న దయ్యాలమా? పొద్దంత పంజా కొడ్తాన్నం, చెవులు లేవా వీళ్లకు?"

"ఎవడో బద్మాష్‌గాడు గీసిండు ప్లాను," అన్నాడు సారయ్య. "వాని చెయ్యి పడిపోను."

నా భార్య సరోజన టీ తెచ్చింది. వాళ్లిద్దరి కంటే ముందు నా గ్లాసు అయిపోయింది.

వాళ్లు వచ్చింది నోటీసు చదివించుకోవడానికి ఒక్కదానికే కాదు. ఫోటో తీయిద్దామంటే రేకులు అడ్డమట. స్టూడియో అతను నిచ్చెన వేసుకుని ఎక్కితే బాలకిషన్ మనుషులు కాళ్లు పట్టి దించేశారట. బాలకిషన్ కాంట్రాక్టరు. హైదరాబాదులో ఉండే ఇంటి వారసుల దగ్గర స్థలం కొన్నవాడు. నా దగ్గర ఎనిమిదో తరగతిలో డ్రాయింగు నేర్చుకున్నవాడు.

"నువ్వు కండ్లు మూసుకొని గియ్యగలవు గద రాజం ఆ ఇల్లును," అంది చిన్నమ్మ. "బడిల అచ్చు బొమ్మలు ఏపిస్తవు గద. గట్లనే ఒకటి చెయ్యి. ఊరంత అంటిద్దాం. ఈడ ఇల్లున్నది, మేమున్నమని జనానికి తెల్వాలె. పన్నెండు ఇండ్లు గదాని మీదనే బతుకుతాన్నయి బిడ్డా."

"వేస్తా చిన్నమ్మా," అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. కానీ అన్నాక తిరుగులేదు. మార్చి 7 లోపల ఊళ్లో ఆ ఇంటి బొమ్మ లేని గోడ ఉండకూడదు.

ఫిబ్రవరి 10, శనివారం

సైన్సు రూములో పాత బల్ల మీద పరిచిన లినోలియం అచ్చు చెక్కడానికి ఊడదీసి తెచ్చాను. హెడ్‌మాస్టరు గొణిగాడు. గొణగనీ. పాతదే అయినా మెత్తగా తెగుతోంది. మూడు జానల పొడవు, రెండు జానల వెడల్పు, రెండు ముక్కలు కలిపితే సరిపోతుంది.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరికోసం దాస్తున్నాను?

నవంబరులో బాలకిషన్‌కి నేను గీసి ఇచ్చింది ఒక షీటు కాదు, రెండు. మొదటిది కొత్త బిల్డింగు. రెండోది, ఇప్పుడు అక్కడ ఏముందో చూపించే షీటు. ఆ రెండో దాంట్లో ఇల్లు ఉండాల్సిన చోట గళ్లు కొట్టి 'ఖాళీ జాగా, కూలిన గోడలు' అని అందంగా రాశాను. నా అక్షరాలు అందంగా ఉంటాయని జిల్లా అంతా పేరు. ఇంజనీరు సంతకం వాళ్లు ఎక్కడో చేయించుకున్నారు.

"సార్, ఊరికెనే ఫార్మాలిటీ. పని మొదలువెట్టినంక నేతోళ్లకు మంచి జాగ నేనే చూపిస్త," అన్నాడు బాలకిషన్. నమ్మాను. నమ్మడం నాకు అవసరం. జూన్‌లో నన్ను ఎక్కడో అడవుల్లో ఉన్న ఏటూరునాగారం బదిలీ చేస్తే, ఆ ఆర్డరు రద్దు చేయించింది పై ఆఫీసులో ఉన్న బాలకిషన్ మేనమామే.

సారయ్య తిట్టిన చెయ్యి ఇదే. ఇదే చేత్తో చెక్కాలి.

ఫిబ్రవరి 14

గుర్తు రావడం లేదు! ముప్పై ఏళ్లు చూసిన ఇల్లు. కమాన్లు ఏడు, సరే. మధ్య కమాను మిగతా వాటికంటే ఎత్తా? పైన జాలీ గోడకు ఆరు రేకుల పువ్వా, ఎనిమిదా?

వెనక సందులోంచి దూరి, చీకటి గదులు దాటి, మగ్గాల హాల్లోకి వెళ్లి కమాన్లకు లోపలి వైపు నిలబడి చూశాను. ఎనిమిది. మధ్య కమాను మిగతా వాటికంటే జానెడు ఎక్కువ ఎత్తు. దాని మీద సున్నంతో చేసిన రెండు చిలుకలు, ఒకదానికి ముక్కు లేదు. ఆ ముక్కు నేను ఏడో ఏట రాయి విసిరి పగలగొట్టిందే. చిన్నమ్మ వీపు విమానం మోత మోగించింది.

ఒక్క ఇల్లే వేస్తే చాలదని అక్కడే తట్టింది. చుట్టూ వచ్చినవన్నీ వేయాలి. పక్కన లాడ్జి, దాని మీద నియాన్ బోర్డు, ఇటు నీళ్ల ట్యాంకు, వెనక సినిమా హాలు, ముందు కరెంటు తీగలు. వాటి మధ్య ఇల్లు ఇరుక్కుని కూడా నిటారుగా నిలబడాలి. కుడి పక్కన మేడ మెట్లు. లాడ్జి గోడ ఆ మెట్ల మీదకి ఎలా ఒరిగి వచ్చిందో అలాగే వేయాలి.

ఫిబ్రవరి 18, ఆదివారం

మూడు రోజులుగా చెక్కుతున్నాను. బొటనవేలు చీరుకుపోయింది. సరోజన పసుపు అద్ది గుడ్డ కట్టింది.

"పరీచ్చ పేపర్లు దిద్దేది ఎప్పుడు? ఇల్లంత ఈ నల్ల చెత్తనే," అంది.

"ఇల్లు లేకుండా పోయేవాళ్ల పని ముందు," అన్నాను.

"అబ్బో! చిన్నమ్మ మీద ఇంత పావురం, ఇంత ప్రేమ ఎప్పటినుంచి?"

నేను నీళ్ల ట్యాంకు చెక్కాను.

ప్రెస్సు శ్రీనివాస్ దగ్గర నల్ల సిరా డబ్బా తెచ్చుకున్నాను. బొమ్మ కింద అక్షరాలు ఉండాలి గనక, వాటిని తిరగేసి ఎలా చెక్కాలో దగ్గరుండి చూపించాడు. అతనికి పుట్టినప్పటినుంచీ అక్షరాలు కుడి నుంచి ఎడమకే కనిపిస్తాయట. 'ఇది ఖాళీ జాగా కాదు. పన్నెండు మగ్గాలున్న ఇల్లు.' అన్నీ తిరగేసి చెక్కాను. ఒక్క ఒత్తు కూడా తప్పలేదు.

ఫిబ్రవరి 20

నేను గాడిదను.

సాయంత్రం మొదటి అచ్చు తీశాను. సిరా రుద్ది, కాగితం పరిచి, గంటె వీపుతో అంగుళం అంగుళం రాచి, కొస పట్టుకుని ఎత్తాను. నలుపు నిగనిగలాడుతోంది, తెలుపు తెల్లగా ఉంది, తీగలు సన్నగా తెగకుండా వచ్చాయి. నా జన్మలో ఇంత మంచి పని చేయలేదనుకున్నాను.

సరోజన పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి చూసింది. "మెట్లు ఎడమ దిక్కు వచ్చినయేంది?"

మెట్లు ఎడమకు, లాడ్జి ఎడమకు, నీళ్ల ట్యాంకు కుడికి. అక్షరాలు మాత్రం చక్కగా చదవొస్తున్నాయి. అక్షరాలు తిరగేశాను, ఇంటిని తిరగేయలేదు. ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు నేరుగా లినో మీద గీసేసి చెక్కేశాను. అద్దంలో బొమ్మ ఎలా తిరగబడుతుందో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు బోర్డు మీద చెబుతున్నవాణ్ణి. చెప్పింది చాలక ఒకటో రెండో మొట్టికాయలు కూడా వేసినవాణ్ణి.

సరోజన మీద అరిచాను. పాపం, ఆమె ఏం చేసింది.

ఇంకో లినో ముక్క లేదు. పదిహేను రోజులే ఉంది.

ఫిబ్రవరి 21

బడి అయ్యాక ఆ అచ్చు చుట్టి పట్టుకుని చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను, ఇది పనికిరాదని చెప్పడానికి. నోరు తెరిచేలోపే నా చేతిలోంచి లాక్కుంది.

బొమ్మ వైపు చూడనే లేదు. విప్పీ విప్పగానే వెనక్కి తిప్పింది. ఇక్కడ అందరూ అంతే, జంపఖానా చేతికిస్తే ముందు అడుగు వైపు చూస్తారు. రెండు వైపులా ఒకే తీరుగా ఉండాలి, అడుగున ముడి కనిపిస్తే నేసినవాడికి పని రానట్టే. కాగితాన్ని వెనక వైపు నుంచే కమాను వెలుతురుకి ఎత్తి పట్టింది. సిరా కాగితంలోంచి ఇవతలికి కనిపిస్తోంది.

"మంచిగనే ఉన్నది గద. మెట్లు మెట్ల కాడనే ఉన్నయి, లాడ్జి లాడ్జి కాడనే ఉన్నది. నువ్వే ఉల్టా పట్టుకొని ఏడుస్తాన్నవ్."

"అక్షరాలు ఉల్టా వచ్చినయి చిన్నమ్మా అటు నుంచి చూస్తే."

"అక్షరాలు నాకు ఎటు నుంచి చూసినా రావు. నాకేం ఫికర్?"

మగ్గాల మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ దారి దొరికింది. పతంగుల కాగితం! గాలిపటాలకు వాడే ఆ పల్చటి తెల్ల కాగితం మీద అచ్చు తీసి, సిరా వైపు గోడకు పెట్టి అంటిస్తే, ఇవతలి నుంచి ఇల్లు సరిగ్గా కనిపిస్తుంది. లినో మీది అక్షరాలు గీకి పారేసి, అవే మాటలు ప్రెస్సులో శ్రీనివాస్‌తో కాగితం రెండో వైపు అచ్చు వేయిస్తే సరి. ఇల్లు ఒక వైపు, మాట ఒక వైపు.

ఫిబ్రవరి 23

నూట పది అచ్చులు. సరోజన గంటె పట్టి తనే అరవై రాచింది. ఇక కూరలో పెట్టడానికి పనికొచ్చే గంటె లేదు ఇంట్లో.

ఫిబ్రవరి 26, సోమవారం

నిన్న అంతా తిరిగి అంటించాం. సారయ్య పిండి బకెట్టు మోశాడు. స్టేషను, చౌరస్తా, కాశిబుగ్గ, ధాన్యం మార్కెట్టు గోడలు, చివరికి బాలకిషన్ కొట్టిన రేకుల మీద కూడా, సరిగ్గా ఆ కొంగు ఎగరేసే ఆమె ముఖం మీద. ఇవాళ పొద్దున స్టేషను దగ్గర నలుగురు గుంపుగా నిలబడి చూస్తున్నారు. "అరే, ఇది కొత్తవాడ కమాన్ల ఇల్లు గద! ఉన్నదా ఇంక?" అన్నాడు ఒక రిక్షా అతను. ఛాతీ ఉబ్బింది నాకు.

సాయంత్రం బాలకిషన్ బడి గేటు దగ్గర స్కూటరు ఆపుకుని ఉన్నాడు. దండం పెట్టాడు.

"బొమ్మ మస్తు వచ్చింది సార్. మీ చెయ్యే చెయ్యి. ఒకటి నాకు కూడ ఇయ్యున్రి, ఫ్రేం కట్టించి ఆఫీసుల పెట్టుకుంట."

స్కూటరు ఎక్కుతూ వెనక్కి తిరిగాడు.

"బొమ్మలు ఎన్నన్న ఏసుకోన్రి సార్. ప్లాను గురించి మాత్రం నోరు ఇప్పకున్రి. ఏటూరునాగారంల ఇప్పుడు సల్లగ మంచిగుంటదంట, మా మామ చెప్పిండు."

ఎనిమిదో తరగతిలో వీడికి సరళరేఖ గీయడం రాకపోతే స్కేలు పట్టుకుని నేర్పింది నేనే.

మార్చి 1

బొమ్మ పని చేస్తోంది. ఊరంతా మాట్లాడుకుంటున్నారు. ఇక నేను విచారణలో లేచి మాట్లాడవలసిన అవసరం ఏమీ రాకపోవచ్చు. బొమ్మే మాట్లాడుతుంది.

మార్చి 3

బొమ్మే మాట్లాడుతుంది.

మార్చి 6

సరోజనకు చెప్పాను. మొత్తం. ఆమె బియ్యంలో రాళ్లు ఏరడం పూర్తిచేసింది. చివరికి, "ఏటూరునాగారంల ఇండ్లు కిరాయికి దొరుకుతయా?" అని అడిగింది. అంతే. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

రేపు చెబుతాను. చెప్పి తీరతాను.

మార్చి 7, బుధవారం

చెప్పాను. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

విచారణ ఆఫీసరు పెద్దమనిషి, నెమ్మదైనవాడు. సారయ్య మా అచ్చు బొమ్మను బల్ల మీద పెట్టి, "ఇది సార్ మా ఇల్లు," అన్నాడు.

బాలకిషన్ లేచాడు. "అది మా డ్రాయింగు సార్ ఊహించుకొని ఏసిన బొమ్మ సార్. ప్లాను ఇంజనీరు సంతకంతోని మీ ఫైల్ల ఉన్నది. ఖాళీ జాగ. ఈ మగ్గాలు మొన్న రేకులు కొట్టినంక వెనక సందుల నుంచి తెచ్చి పెట్టుకున్నరు."

"అబద్ధం! నేను పుట్టింది ఆ ఇంట్లనే," అంది చిన్నమ్మ.

"కాగితం ఏమన్నా ఉందా అమ్మా? రశీదు, పన్ను, ఏదైనా?" అడిగాడు ఆఫీసరు.

ఏమీ లేదు. తాతల నాడు ఇంటి యజమానులు నోటి మాట మీద ఇచ్చిన చోటు. ఆఫీసరు బాధగానే కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఒక్క నిమిషం ఊరుకుంటే అయిపోయేది. బొమ్మ బల్ల మీద ఉంది. అది ఏమీ మాట్లాడలేదు.

లేచాను. సంచిలోంచి నోటుబుక్కు తీశాను.

"ఆ ప్లాను గీసింది నేను సార్. ఆ అక్షరాలు నావి. నవంబరు పన్నెండో తారీఖున నేనే లోపలికి వెళ్లి కొలతలు తీశాను. హాలు అరవై రెండడుగులు, అందులో పన్నెండు మగ్గాలు. నా నోటుబుక్కులో ఉన్నాయి. షీటు మీద కావాలని వదిలేశాను."

"ఎందుకు?"

"ఏటూరునాగారం పోవడం ఇష్టం లేక."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బాలకిషన్ నేల చూస్తున్నాడు. ఆఫీసరు నా నోటుబుక్కు తిరగేసి, "కొలిచినప్పుడు ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

"టేపు రెండో కొస మా చిన్నమ్మ పట్టుకుంది సార్."

ఈ మాట ఈ పుస్తకంలో కూడా ఇన్నాళ్లు రాయలేదు. ఆ రోజు ఆమె మగ్గం ఆపి లేచి వచ్చి పట్టుకుంది. కొలతలు ఎందుకు బిడ్డా అంటే, ఇంటి బొమ్మ వేద్దామని చిన్నమ్మా, అన్నాను. అందుకే నోటీసు రాగానే బొమ్మ వేయమని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

ఆమె వైపు చూడలేకపోయాను. బయటికి వచ్చాక సారయ్య నా పక్క నుంచే పోయాడు, నేను అక్కడ లేనట్టు.

మార్చి 9

ఆఫీసరు స్వయంగా వచ్చి చూశాడట. రేకులు తీయించాడు. ప్లాను ఆపేశాడు. ఎవరూ నాకు చెప్పలేదు, రోడ్డు మీద పోతూ కమాన్లు చూసి తెలుసుకున్నాను.

మార్చి 12, సోమవారం

రెండు కాగితాలు ఒకే రోజు. ఒకటి, వచ్చే సోమవారం ఏటూరునాగారం బడిలో చేరమని. రెండోది విచారణ ఆఫీసు నుంచి. మళ్లీ కొలిచి, ఉన్నది ఉన్నట్టు షీటు గీసి, ఈసారి నా సంతకంతోనే ఇమ్మని. అది చేరితేనే మగ్గాలు పాతవని రికార్డులోకి ఎక్కుతుంది. శుక్రవారం ఆఖరు.

ఏటూరునాగారం సంగతి తర్వాత. ముందు షీటు.

మార్చి 15, గురువారం

టేపూ నోటుబుక్కూ పట్టుకుని పోయాను. ముందు గుమ్మంలోంచే పోయాను, దొంగలా సందులోంచి కాదు. పన్నెండు పంజాలు ఒక్కసారి ఆగి, మళ్లీ మొదలయ్యాయి. ఒక్కరూ పలకరించలేదు. చిన్నమ్మ తల ఎత్తలేదు.

టేపు కొసను గోడ మూల రాయి కింద పెట్టి లాగాను, జారిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. అరవై రెండడుగుల హాలు ఒక్కడి వల్ల కాదు. అయినా ఇవాళ కొలవకుండా బయటికి పోయేది లేదు. మేకు ఒకటి దొరుకుతుందేమోనని నేల మీద వెతుకుతున్నాను.

మూడో మగ్గం ఆగింది.

చిన్నమ్మ లేచి వచ్చింది. రాయి తీసి పక్కన పడేసి, టేపు కొస గోడకు అదిమి పట్టుకుంది. నేను లాగి రాసుకున్నాను. అరవై రెండు. 

"ఆ రోజు నీకు చుక్కకూర పప్పు వండి పెట్టిన," అంది చివరికి. "తిని, చెయ్యి కడుక్కొని, పోయి మేం లేమని రాసినవ్."

"అవును చిన్నమ్మా."

"ఇయ్యాల నేను చెప్త. నువ్వు రాయి."

మొదటి మగ్గం దగ్గర నిలబడి దాని మీద చెయ్యి వేసి పేరు చెప్పింది. సారయ్య. ఆయనకు ముందు ఆయన నాయన రాయమల్లు. రెండోది బక్కమ్మ, ఆమెకు ముందు ఆమె అత్త. మూడోది తనది. తన కంటే ముందు మా అమ్మ ఆ మగ్గం మీద నేసిందని నాకు ఇవాళే తెలిసింది. రాశాను. ఒక్కొక్క మగ్గం దగ్గరా ఆగి, నేను రాయడం అయ్యేదాకా కదలకుండా నిలబడింది. పన్నెండోది అయ్యాక నోటుబుక్కు మూయబోతే పట్టుకుంది.

"ఇంకేమన్న ఇడిసిపెట్టినవా?"

"లేదు చిన్నమ్మా. అన్నీ రాసిన."

ఆమె నమ్మలేదు. మొదటి నుంచి మళ్లీ చదవమంది. చదివాను.